అప్పు పోయాక ఆ దుఃఖం ఎటు వెళ్లింది?

2021 అక్టోబరు 29, శుక్రవారం. కన్నడ నటుడు శివరాజ్‌కుమార్ సినిమా 'భజరంగి 2' ఆ రోజే విడుదలైంది. ఆయన తమ్ముడు, జనం 'అప్పు' అని పిలిచే హీరో పునీత్ రాజ్‌కుమార్ పొద్దున్నే ట్విట్టర్‌లో శుభాకాంక్షలు చెప్పారు. కొన్ని గంటల తర్వాత ఆయనకు ఒంట్లో నలతగా అనిపించింది. కుటుంబ వైద్యుడి దగ్గరికి వెళ్లి, అక్కడి నుంచి బెంగళూరు విక్రమ్ ఆసుపత్రికి బయల్దేరారు. మధ్యాహ్నం దాటాక పునీత్ ఇక లేరన్న వార్త బయటికొచ్చింది. ఆయన వయసు 46.

ఆ సాయంత్రం కర్ణాటక ప్రభుత్వానికి బాధతో పాటు పెద్ద టెన్షన్ కూడా పట్టుకుంది. కారణం పదిహేనేళ్ల నాటి ఒక జ్ఞాపకం. 2006 ఏప్రిల్ 12న పునీత్ తండ్రి, కన్నడ సూపర్‌స్టార్ డాక్టర్ రాజ్‌కుమార్ సదాశివనగర్‌లోని సొంత ఇంట్లో కన్నుమూశారు. ఇంకో పన్నెండు రోజులుంటే 77 నిండేవి. ఆ రోజు, ఆ మర్నాడు బెంగళూరు తగలబడింది. బస్సులు కాల్చారు, అద్దాలు పగలగొట్టారు, ఐటీ కంపెనీలు మూతపడ్డాయి, పోలీసులు కాల్పులు జరిపారు. చాలామంది ప్రాణాలు పోయాయి. అందులో గుంపు చేతిలో చనిపోయిన ఒక పోలీసు కానిస్టేబుల్ కూడా ఉన్నాడు.

పునీత్ పోయినప్పుడు కూడా అదే ఊరు, అదే కుటుంబం, చాలావరకు అవే అభిమాన సంఘాలు. పైగా తండ్రిది పండిన వయసు, కొడుకుది కాదు. కోపం రావాలంటే ఈసారే ఎక్కువ రావాలి. కానీ ఊరు తగలబడలేదు. లక్షల మంది వరుసలో నిలబడి చూసి ఏడ్చి ఇంటికెళ్లారు. తర్వాతి వారాల్లో కంటి ఆసుపత్రుల్లో నేత్రదానం ఫారాలు నింపడానికి వరుసలు కట్టారు. ఒకే రకం దుఃఖం రెండు దారుల్లో ఎందుకు వెళ్లింది?

తెలుగువాళ్లకు పునీత్ మరీ పరాయివాడు కాదు. 2002లో ఆయన హీరోగా మొదటి సినిమా 'అప్పు'ను తీసింది మన పూరి జగన్నాథ్. అదే కథ ఆ ఏడాదే తెలుగులో రవితేజతో 'ఇడియట్' అయింది. అప్పు అనేది ఇంట్లో ఆయన్ని పిలుచుకునే పేరు. మనకు ఆ మాట వింటే వడ్డీ గుర్తొస్తుంది, అక్కడ మాత్రం ముద్దుపేరు. 2016లో పునీత్ సినిమా 'చక్రవ్యూహ' కోసం జూనియర్ ఎన్టీఆర్ కన్నడలో పాట పాడారు. ఇంకా వెనక్కి వెళితే, తండ్రి రాజ్‌కుమార్ కన్నడ దాటి హీరోగా చేసిన ఒకే ఒక్క సినిమా మన 'కాళహస్తి మహాత్మ్యం', 1954లో.

ఇక అసలు విషయానికి వద్దాం. ఎప్పుడూ కలవని మనిషి కోసం జనం ఇంట్లోవాళ్లు పోయినట్టు ఎందుకు ఏడుస్తారు? 1956లో డొనాల్డ్ హార్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు టీవీ, రేడియో అలవాటైన జనాన్ని గమనించి దీనికి పారాసోషల్ అని పేరు పెట్టారు. అంటే ఒకవైపు నుంచే నడిచే చుట్టరికం. నీకు అతను తెలుసు, అతనికి నువ్వు తెలియవు. ఆ పేరు ఉపయోగపడేదే కానీ కర్ణాటక విషయంలో నాకు అది సగమే సరిపోతుందనిపిస్తుంది. అక్కడ రెండో వైపు నుంచి కూడా పలుకు ఉండేది. రాజ్‌కుమార్ సభల్లో జనాన్ని 'అభిమాని దేవరుగళు' అని పిలిచేవారు. అభిమానులే దేవుళ్లని అర్థం. మన హీరోలు అభిమానుల్ని తమ్ముళ్లంటారు. ఆయన ఏకంగా దేవుళ్లన్నాడు. ఆ మాట పేదవాడి చెవిలో ఎలా పడి ఉంటుందో ఊహించండి.

దానికి భాష కూడా తోడైంది. 1980ల మొదట్లో బడుల్లో కన్నడకు మొదటి స్థానం ఇవ్వాలని గోకాక్ ఉద్యమం నడిచింది. రచయితలు మొదలుపెట్టిన ఆ ఉద్యమంలోకి రాజ్‌కుమార్ దిగాకే అది ఊరూరికీ పాకింది. అప్పటి నుంచి ఆయన అభిమాని అంటే కన్నడ అభిమాని అని కూడా లెక్క. తమిళ, తెలుగు, హిందీ సినిమాలు చాలా థియేటర్లను ఆక్రమించిన నగరంలో 'ఇది మా ఊరు' అని చెప్పుకోవడానికి ఆ ముఖం ఒక ఆధారమైంది. 2006 నాటి కోపంలో నష్టపోయింది ఏమిటో చూస్తే ఈ కోణం కొంత అర్థమవుతుంది. రాళ్లు పడిన చోట్లలో కొత్త బెంగళూరు అద్దాల భవనాలూ ఉన్నాయి.

పునీత్ సంగతి ఇంకాస్త వేరు. ఆయన 1975 మార్చి 17న మద్రాసులో పుట్టారు. నెలల పిల్లాడిగానే తండ్రి సినిమాలో తెర మీద కనిపించారు. పదేళ్ల వయసులో చేసిన 'బెట్టద హూవు'కు ఉత్తమ బాలనటుడిగా జాతీయ అవార్డు వచ్చింది. అంటే ఒక రాష్ట్రమంతా ఆయన్ని ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచి చూసింది. రాజ్‌కుమార్‌ను జనం పెద్దాయనగా చూసుకున్నారు, 'అణ్ణావ్రు' అన్నారు, అంటే అన్నగారు. పునీత్ మాత్రం ఆ ఇంటి చిన్నోడు. చిన్నోడు ముందు పోతే ఏ ఇల్లయినా ఎలా ఉంటుందో ఆ రెండు రోజులు ఆ రాష్ట్రం అలా ఉంది.

2006లో ఏం తప్పింది? అప్పుడు అందరి నోటా వినిపించిన ఫిర్యాదు ఒక్కటే: మాకు చూపు దక్కలేదు. కడసారి చూపు అంటాం కదా, అది. వార్త తెలిసి జనం ఇంటి వైపు పరుగెత్తారు. పార్థివ దేహాన్ని ఎక్కడ ఉంచుతారు, ఎప్పటిదాకా ఉంచుతారు అన్నది జనానికి సరిగ్గా అందలేదు. తోపులాటలు, లాఠీలు. మర్నాడే అంత్యక్రియలు. మన దగ్గర ఒక మనిషి పోతే దూరపు చుట్టం కూడా రాత్రికి రాత్రి బస్సెక్కి వస్తాడు, వచ్చేసరికి ఎత్తేస్తే జీవితాంతం ఆ మాట మీద అలుగుతాడు. అభిమాని తనను ఆ చుట్టాల జాబితాలోనే వేసుకుంటాడు. గేటు దగ్గర ఆపి వెనక్కి పొమ్మంటే, నువ్వు చుట్టానివి కావు అని అందరి ముందూ చెప్పినట్టే. ఆ రోజు గూండాగిరీ చేసినవాళ్లు, దొరికిందే సందని దిగినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లను నేను వెనకేసుకు రావడం లేదు. కానీ మంట అంటుకోవడానికి మొదటి నిప్పురవ్వ మాత్రం ఈ అవమానమే అని నా నమ్మకం.

2021లో ప్రభుత్వం మొదట చేసింది చూపుకు చోటు చూపించడం. శుక్రవారం సాయంత్రానికే దేహాన్ని కంఠీరవ స్టేడియానికి తెచ్చారు. నగరంలో మద్యం అమ్మకాలు ఆపారు. ఒకవైపు నుంచి లోపలికి, ఇంకోవైపు నుంచి బయటికి. రాత్రంతా తలుపులు తెరిచే ఉంచారు. పెద్ద కూతురు అమెరికా నుంచి రావాల్సి ఉండటంతో అంత్యక్రియలను శనివారం నుంచి ఆదివారానికి మార్చారు. దీంతో మారుమూల జిల్లాల నుంచి బస్సుల్లో బయల్దేరినవాళ్లకూ టైమ్ దొరికింది. చిరంజీవి, బాలకృష్ణ, వెంకటేశ్, ఎన్టీఆర్ వచ్చి అదే స్టేడియంలో నివాళులర్పించారు. అన్నలు శివరాజ్‌కుమార్, రాఘవేంద్ర రాజ్‌కుమార్ తమ దుఃఖంలోనే జనాన్ని శాంతంగా ఉండమని వేడుకున్నారు. 31 తెల్లవారుజామున, జనం పోటెత్తకముందే, తల్లిదండ్రుల సమాధుల పక్కన ఖననం చేశారు. అది కంఠీరవ స్టూడియోలో. పేరొకటే అయినా స్టేడియం వేరు, స్టూడియో వేరు, చాలామంది తెలుగువాళ్లు ఈ రెంటినీ కలిపేస్తారు.

తర్వాత కర్మకాండల రోజుల్లో, నవంబరు 9న, కుటుంబం ప్యాలెస్ గ్రౌండ్స్‌లో అభిమానులకు భోజనాలు పెట్టింది. చావింటి భోజనానికి పిలిచారంటే నువ్వు మావాడివే అని ఒప్పుకున్నట్టు. 2006లో గేటు బయట నిలబెట్టినవాడిని ఈసారి విస్తరి ముందు కూర్చోబెట్టారు. పోలీసు బందోబస్తు కన్నా ఈ ఒక్క పని ఎక్కువ పనిచేసిందని అనుకుంటున్నాను.

అయినా చూపు, భోజనం రెండూ దుఃఖాన్ని చల్లార్చేవే. దాన్ని ఒక పనిలోకి మళ్లించినవి కళ్లు.

ఆ కథ 1994లో మొదలైంది. బెంగళూరులో నారాయణ నేత్రాలయ ఆసుపత్రి రాజ్‌కుమార్ పేరుతో కంటి బ్యాంకు పెట్టింది. దాని ప్రారంభానికి వెళ్లిన రాజ్‌కుమార్ తన కళ్లే కాదు, కుటుంబమంతటి కళ్లూ దానం చేస్తామని మాటిచ్చారు. 2006లో ఊరంతా గొడవల్లో ఉన్నప్పుడు కూడా ఆ మాట నిలబడింది, ఆయన కళ్లు తీసుకున్నారు. 2017లో పునీత్ తల్లి పార్వతమ్మ పోయినప్పుడూ అంతే. కాబట్టి 2021లో పునీత్ పోయిన రోజు ఆ ఇంట్లో ఎవరూ కొత్తగా చర్చించుకోవాల్సిన పని లేకపోయింది.

మరి పునీత్ రెండు కళ్లతో నలుగురికి చూపు వచ్చిందంటారు, అదెలా? చాలామందికి ఇక్కడే తికమక. నేత్రదానం అంటే కన్ను కన్నుగా మార్చేయడం కాదు. అలా మార్చి చూపు తెప్పించే విద్య ఇప్పటికీ లేదు. వాడేది కార్నియాను మాత్రమే. నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా ఉండే పారదర్శకమైన పొర అది. మందం సుమారు అర మిల్లీమీటరు. దానిలో రక్తనాళాలు ఉండవు, కావలసిన ఆక్సిజన్‌ను చాలావరకు గాలి నుంచి, కన్నీటి తడి నుంచి తీసుకుంటుంది. అందుకే కిడ్నీకో కాలేయానికో చూసినట్టు ఇక్కడ బ్లడ్ గ్రూపు కలవాలన్న పట్టింపు మామూలుగా ఉండదు.

ఆ అర మిల్లీమీటరులోనూ పొరలున్నాయి. ముందువైపు పొర దెబ్బతినేది గాయాల వల్ల, ఇన్ఫెక్షన్ మచ్చల వల్ల, కార్నియా శంకువులా ముందుకు సాగే జబ్బు వల్ల. వెనకవైపు ఒకే వరుస కణాలతో ఒక పల్చటి పొర ఉంటుంది. కార్నియాలోకి చేరే నీటిని ఎప్పటికప్పుడు బయటికి తోడేయడం దాని పని. ఆ కణాలు చచ్చిపోతే తిరిగి పుట్టవు, కార్నియా నీరుపట్టి పొగమంచు కమ్మిన కిటికీలా అయిపోతుంది. పాత పద్ధతిలో జబ్బు ఏ పొరలో ఉన్నా మొత్తం కార్నియా తీసి మొత్తం పెట్టేవారు. ఇప్పుడు పాడైన పొరనే మార్చగలుగుతున్నారు. పునీత్ ఒక్కో కార్నియాను వైద్యులు రెండుగా విడదీశారు. ముందు పొరలు ఇద్దరికి, వెనక పొరలు ఇద్దరికి అమర్చారు. మర్నాడే నాలుగు ఆపరేషన్లూ అయిపోయాయి. ప్రతిసారీ ఇలా కుదరదు. కార్నియా ఆరోగ్యంగా ఉండాలి, సరిపోయే జబ్బులున్నవాళ్లు ఆ సమయానికి దొరకాలి, పొరను చిరగకుండా విడదీసే చేయి కావాలి.

ఈ వార్త టీవీల్లో వచ్చాకే జనం కంటి బ్యాంకుల వైపు కదిలారు. రక్తదానమో అన్నదానమో అయితే ఎవరైనా చేస్తారు. ఇది అలా కాదు, ఆయన చేసిన పనే నేనూ చేస్తాను అనే తృప్తి ఇందులో ఉంది. అభిమాని హెయిర్‌స్టైల్ కాపీ కొడతాడు, చొక్కా కాపీ కొడతాడు, ఇప్పుడు వీలునామా కాపీ కొట్టాడు. అభిమానాన్ని ఇలా మళ్లించడం మనకూ కొత్త కాదు. చిరంజీవి 1998 అక్టోబరు 2న రక్తనిధి, నేత్రనిధి మొదలుపెట్టింది తన అభిమానుల బలం చూసుకునే. హైదరాబాద్ ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి పేరులోని ప్రసాద్ కూడా సినిమా మనిషే. దర్శకుడు, నిర్మాత ఎల్‌వీ ప్రసాద్ కుటుంబం ఇచ్చిన డబ్బు, స్థలంతో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు ఆ సంస్థను నిలబెట్టారు.

ఫారం నింపడంతో పని అయిపోయిందనుకోవడం మాత్రం పొరపాటు, ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువమందికి తెలియని ముడి ఇదే. నువ్వు సంతకం చేసిన కార్డు నీ పర్సులో ఉంటుంది. నువ్వు పోయాక కంటి బ్యాంకుకు ఫోన్ చేయాల్సింది నీ ఇంట్లోవాళ్లు. వాళ్లు ఒప్పుకోకపోతే ఎవరూ కళ్లు తీసుకోరు. అదీ సుమారు ఆరు గంటల్లోపే జరగాలి. ఇంట్లో గొల్లుమంటున్న ఆ వేళలో 'కళ్లు ఇస్తానన్నాడు కదా' అని ఒకరు గుర్తుచేయాలి, పెద్దవాళ్లను ఒప్పించాలి. ఫ్యాన్ ఆపేయాలి, రెప్పలు మూసి తడి దూది పెట్టాలి, తల కింద దిండు పెట్టి కాస్త ఎత్తులో ఉంచాలి. వచ్చినవాళ్ల పని పదిహేను ఇరవై నిమిషాలే, ముఖం మారిపోదు. కళ్లజోడు వాడినవాళ్లు, షుగరు, బీపీ ఉన్నవాళ్లు, శుక్లాల ఆపరేషన్ అయినవాళ్లు కూడా ఇవ్వచ్చు. హెచ్ఐవీ, హెపటైటిస్, రేబిస్ లాంటివి ఉంటే తీసుకోరు. ఆ రోజుల్లో సంతకం చేసిన పాతికేళ్ల కుర్రాడి కార్డు నిజంగా పనికొచ్చేది ఏ యాభై ఏళ్ల తర్వాతో. అందుకని అలాంటి ఉప్పెనలో వెంటనే ఫలితం ఇచ్చేది ఫారాల సంఖ్య కన్నా, ఆ నెలలోనే తమ ఇంట్లో పోయిన తాతకో అమ్మమ్మకో 'అప్పు ఇచ్చాడు కదా, మనమూ ఇద్దాం' అని ఫోన్ తీసినవాళ్లు.

ఇంతా చెప్పి చీకటి వైపు దాటేస్తే అబద్ధమవుతుంది. ఆ రోజుల్లో కొందరు అభిమానులు ప్రాణాలు తీసుకున్నారు. పునీత్ భార్య అశ్విని, అన్నలు అలా చేయొద్దని, ప్రతి ఇంటికీ తమ మనిషి ముఖ్యమని వేడుకోవాల్సి వచ్చింది. మొదట చూసిన వైద్యుడి మీద కొందరు విరుచుకుపడితే పోలీసులు కాపలా పెట్టారు. ఇక వాట్సాప్‌లో ఆయన దానధర్మాల లెక్కలు తిరిగాయి, ఇన్ని బడులు, ఇన్ని అనాథాశ్రమాలు, ఇన్ని గోశాలలు అని. ఒక పోస్టు చూసి ఇంకొకరు పెట్టిన అంకెలు అవి. మైసూరులో నిరాశ్రయులైన మహిళలకు, ఆడపిల్లలకు ఆసరాగా తల్లి పార్వతమ్మ నిలబెట్టిన శక్తిధామకు ఆయన అండగా ఉన్న మాట నిజం. ఆ ఒక్కటి చాలదా అంటే, దుఃఖంలో ఉన్నవాడికి చాలదు.

జిమ్‌కు వెళ్లే ఫిట్‌గా ఉన్న మనిషి అలా గుండె సమస్యతో పోవడం చూసి భయపడి జనం జయదేవ గుండె ఆసుపత్రికి ఎగబడ్డారు. జిమ్ముల మీద నింద పడింది. ఇక్కడా ఒక గందరగోళం ఉంది. గుండెపోటు అంటే గుండెకు రక్తం తీసుకెళ్లే నాళం పూడుకుపోవడం. కార్డియాక్ అరెస్ట్ అంటే గుండె కొట్టుకోవడమే ఆగిపోవడం. మొదటిది రెండోదానికి దారితీయచ్చు, కానీ రెండూ ఒకటి కావు. మొదటిదానిలో గంటలు దొరకచ్చు, రెండోదానిలో దొరికేది నిమిషాలే. ఈ భయం నుంచే తర్వాత కర్ణాటకలో పునీత్ పేరుతో హృదయ జ్యోతి పథకం వచ్చింది, 2024లో మొదలైంది. తాలూకా ఆసుపత్రికి ఛాతీ నొప్పితో వచ్చినవాడికి వెంటనే ఈసీజీ తీసి, పెద్ద ఆసుపత్రి నిపుణులకు పంపి, అవసరమైతే రక్తపు గడ్డను కరిగించే ఖరీదైన ఇంజెక్షన్ అక్కడే ఉచితంగా ఇస్తారు. రోడ్లకు, పార్కులకు పేర్లు పెట్టడం మీద నాకు పెద్ద గౌరవం లేదు. బెంగళూరులో ఒక రింగ్ రోడ్డు భాగానికి ఆయన పేరు పెట్టారు, ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ఆయన్ని తలుచుకోవచ్చు. ఈ పథకం మాత్రం పేరు పెట్టాల్సిన చోట పెట్టిన పేరు.

2022 నవంబరు 1న, కన్నడ రాజ్యోత్సవం రోజు, విధానసౌధ ముందు వానలో పునీత్‌కు మరణానంతరం రాష్ట్ర అత్యున్నత పురస్కారం కర్ణాటక రత్న ఇచ్చారు. తండ్రి అది 1992లో అందుకున్నారు. వేదిక మీద రజనీకాంత్, ఎన్టీఆర్ ఉన్నారు. ఎన్టీఆర్ కన్నడలో మాట్లాడారు.

అభిమానులకు ఆయన ప్రధానంగా కనిపించే సినిమాలు ఇంకా రెండు మిగిలాయి. 'జేమ్స్' 2022 మార్చి 17న, ఆయన పుట్టినరోజున వచ్చింది. డబ్బింగ్ చెప్పకముందే పునీత్ పోవడంతో అన్న శివరాజ్‌కుమార్ గొంతు ఇచ్చారు. తమ్ముడి పెదవులకు తన మాటలు కలపడం ఆయనకు ఎలా ఉండి ఉంటుందో. కానీ జనం వినాలనుకుంది తమ్ముడి గొంతు. కొన్ని వారాలకు సాంకేతికత సాయంతో పునీత్ గొంతునే తెచ్చి సినిమాను మళ్లీ వేశారు.

రెండోది 'గంధద గుడి', మొదటి వర్ధంతికి ఒక రోజు ముందు, 2022 అక్టోబరు 28న. అందులో పాత్ర లేదు, విలన్ లేడు. మేకప్ లేకుండా, పునీత్ పునీత్‌గానే కర్ణాటక అడవుల్లో నడుస్తాడు, అడవి గురించి అడిగి తెలుసుకుంటాడు, నవ్వుతాడు. నలభై అయిదేళ్లుగా తెర మీద రకరకాల మనుషులుగా చూసినవాడిని ఉన్నదున్నట్టు చూడటం చాలామందికి అదే మొదటిసారి.